అమెరికా కౌంటీ రికార్డుల్లో పాత వలస కుటుంబాల మూలాలు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయి కెంటకీ అమ్మాయిని చేసుకున్నాక, వాళ్ళ అమ్మమ్మగారు ఒక అట్టపెట్టె నిండా పాత కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "మీకు ఓపిక ఉన్నట్టుంది, ఇవి ఎవరివో చూడండి" అన్నారు. అలా మొదలైన పని ఆరేళ్ళుగా నడుస్తూనే ఉంది. మనవళ్ళకి రెండు వైపుల వంశవృక్షమూ రాసిపెట్టాలనుకునే తెలుగు తాతయ్యలు, అమ్మమ్మలు, ఇంకా అమెరికన్ సంబంధం కలుపుకున్నవాళ్ళు నన్ను అడిగేవి మళ్ళీ మళ్ళీ అవే సందేహాలు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. మా వియ్యాలవారి పేర్లు బయటపెట్టడం బాగోదు కాబట్టి ఉదాహరణలకి ఎక్కువగా అబ్రహాం లింకన్ పూర్వీకుల్నే తీసుకున్నాను. ఆయన ప్రెసిడెంట్ అయ్యేదాకా అది కూడా అడవి నరికి సాగు చేసుకున్న మామూలు వలస కుటుంబమే. ఆ రోజుల్లో అందరి కాగితాలకీ వచ్చిన చిక్కులే వాళ్ళ కాగితాలకీ వచ్చాయి.

## మొదలుపెట్టే ముందు

వాళ్ళు "1700ల నుంచి ఇక్కడే ఉన్నాం" అంటారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

బతికున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి. ఇంటిపేరు కలిసిందని ఎవరో పెద్దమనిషిని పట్టుకుని అక్కణ్ణించి కిందికి దిగొద్దు. అలా దిగితే కథ బాగుంటుంది, మనిషి మాత్రం వేరే ఇంటివాడు అవుతాడు. అమెరికా సెన్సస్‌లో వ్యక్తుల వివరాలు 72 ఏళ్ళ తర్వాతే బయటపెడతారు, కాబట్టి ఇప్పుడు చూడగలిగిన వాటిలో తాజాది 1950ది, 2022 ఏప్రిల్ 1న వచ్చింది. అక్కణ్ణించి పదేళ్ళకొకటి చొప్పున వెనక్కి నడవండి. 1890ది మాత్రం దాదాపు మొత్తం పోయింది, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో. 1880 నుంచి ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో రాశారు, 1850 నుంచి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ, వయసూ, పుట్టిన రాష్ట్రమూ రాశారు. అంతకు ముందు, అంటే 1790 నుంచి 1840 దాకా, ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్ళంతా వయసుల గడుల్లో అంకెలు. సెన్సస్ చేయి వదిలేసే ఆ చోటే కౌంటీ పుస్తకాల పని మొదలవుతుంది.

బర్త్ సర్టిఫికెట్ తెప్పించుకుంటే సరిపోదా? ఇంత తంటా ఎందుకు?

ఆ కాలానికి అది లేదు. రాష్ట్రమంతటా జననాలు నమోదు చేయడం కెంటకీలో 1911లో, వర్జీనియాలో 1912లో స్థిరపడింది (వర్జీనియాలో 1853 నుంచి 1896 దాకా ఒకసారి నడిచి ఆగింది). మసాచుసెట్స్ లాంటి చోట్ల 1841 నుంచే ఉంది. 1809లో పుట్టిన లింకన్‌కి బర్త్ సర్టిఫికెట్ లేదు, ఉన్నది వాళ్ళింటి బైబిల్లో ఆయన స్వయంగా రాసిన పుట్టినరోజుల పేజీ. మీ వియ్యాలవారింట్లో అలాంటి బైబిల్ ఉంటే ముందు అది ఏ సంవత్సరం అచ్చయిందో చూడండి. 1840లో అచ్చయిన బైబిల్లో 1790 నాటి పుట్టుక ఉందంటే ఎవరో తర్వాత గుర్తు తెచ్చుకునో, ఇంకోచోట చూసో రాశారన్నమాట. సిరా ఒకటే, చేతిరాత ఒకటే అయితే అన్నీ ఒకే రోజు కూర్చుని రాసినట్టు.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే కథలు నమ్మొచ్చా?

వినాలి, ఎవరు ఎప్పుడు చెప్పారో రాసుకోవాలి, తర్వాత కాగితంతో సరిచూడాలి. లింకన్ 1859లో తన గురించి రాసుకుంటూ, తాతగారు 1781లోనో 82లోనో వర్జీనియా నుంచి కెంటకీ వచ్చారనీ, ఒకటి రెండేళ్ళకే స్థానిక తెగలవాళ్ళ చేతిలో చనిపోయారనీ రాశారు. చరిత్రకారులు తేల్చింది 1786. జరిగిన సంగతి నిజం, సంవత్సరం జారింది. కుటుంబ కథల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. "ముగ్గురు అన్నదమ్ములు ఓడ దిగారు", "మా ముత్తవ్వ చెరోకీ రాకుమారి" లాంటివి మాత్రం ఎన్నో ఇళ్ళలో ఒకే అచ్చులో వినిపిస్తాయి, వాటితో జాగ్రత్త.

## ఏ కౌంటీ, ఏ ఆఫీసు

కౌంటీ అంటే మన జిల్లానా? ఏ కాగితం ఎక్కడ ఉంటుంది?

మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, తాసీల్దారు ఆఫీసు, కోర్టు మూడూ ఒకే కప్పు కింద ఉన్నట్టు ఊహించుకోండి, పాత కోర్టుహౌస్ అంటే అదే. కెంటకీ ఒక్కదాంట్లోనే 120 కౌంటీలున్నాయి. అక్కడ దస్తావేజులు, వీలునామాలు, పెళ్ళిళ్ళు అన్నీ కౌంటీ క్లర్క్ దగ్గర. ఒహాయోకి వెళితే దస్తావేజులు రికార్డర్ దగ్గర, వీలునామాలు ప్రొబేట్ కోర్టులో. కనెక్టికట్, వెర్మాంట్, రోడ్ ఐలండ్‌లలో భూమి పుస్తకాలు కౌంటీలో ఉండవు, ఊరి టౌన్ క్లర్క్ దగ్గర ఉంటాయి. లూసియానాలో కౌంటీని పారిష్ అంటారు. ఫోన్ చేసే ముందు ఆ రాష్ట్రం పద్ధతి తెలుసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

ఊరు తెలుసు, పొలం ఎక్కడో కూడా తెలుసు, కానీ ఆ కౌంటీలో ఒక్క కాగితమూ లేదు. ఎందుకు?

ఎక్కువమంది ఏళ్ళు పోగొట్టుకునేది ఇక్కడే, నేనూ దాదాపు రెండేళ్ళు పోగొట్టుకున్నాను. కుటుంబం కదలకపోయినా కౌంటీ కదులుతుంది. తెలంగాణలో 2016 దసరాకి 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. ఇంట్లోంచి అడుగు బయటపెట్టకుండానే ఎంతోమంది జిల్లా మారారు, అమెరికాలో వందేళ్ళకు పైగా జరిగింది కూడా అదే. కెంటకీ మొత్తం 1776లో వర్జీనియాకి చెందిన ఒకే ఒక్క కౌంటీ. 1780లో దాన్ని జెఫర్సన్, ఫాయెట్, లింకన్ అని మూడు చేశారు, 1792లో అది రాష్ట్రమైంది, ఆ తర్వాత కౌంటీలు చీలుతూనే పోయాయి. అబ్రహాం లింకన్ పుట్టిన పొలం అప్పట్లో హార్డిన్ కౌంటీ, 1843లో లారూ కౌంటీ ఏర్పడ్డాక ఇప్పుడది లారూలో ఉంది. లారూ కోర్టుహౌస్‌కి వెళ్ళి 1809 నాటి దస్తావేజు అడిగితే వాళ్ళేం ఇవ్వగలరు? పాత పుస్తకాలు తల్లి కౌంటీలోనే ఉండిపోతాయి. అందుకే ప్రతి సంఘటనకీ "ఆ తేదీన ఈ నేల ఏ కౌంటీ కింద ఉంది" అన్న ప్రశ్న ముందు తేల్చుకోండి. షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ వాళ్ళు తయారుచేసిన పాత కౌంటీ సరిహద్దుల అట్లాస్ ఇందుకోసమే ఉంది, ఉచితం, తేదీ పెట్టి మ్యాప్ చూడొచ్చు.

పెళ్ళి రికార్డు కోసం కాపురం ఉన్న కౌంటీ చూస్తే చాలా?

చాలదు, పెళ్ళికూతురు ఉన్న కౌంటీ ముందు చూడండి, పెళ్ళి సాధారణంగా ఆమె వైపు జరిగేది. అబ్రహాం లింకన్ అమ్మానాన్నలు థామస్ లింకన్, నాన్సీ హాంక్స్‌ల కాపురం హార్డిన్ కౌంటీలో, కాబట్టి వాళ్ళ పెళ్ళి కాగితం కోసం అందరూ హార్డిన్‌లోనే వెతికారు. దొరకలేదు. అసలు పెళ్ళే కాలేదని ప్రచారం కూడా చేశారు. చివరికి 1878లో అది వాషింగ్టన్ కౌంటీ కోర్టుహౌస్‌లో బయటపడింది, అప్పటికి కొడుకు చనిపోయి 13 ఏళ్ళు. అమ్మానాన్నల పెళ్ళి కాగితం ఉందన్న సంగతి ఆయనకి తెలియకుండానే పోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

## పుస్తకాలు తెరిచాక

మ్యారేజ్ బాండ్ దొరికింది. అంటే ఆ రోజే పెళ్ళి అయినట్టా?

కాదు. వర్జీనియా, కెంటకీ వైపు పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు, ఇంకో జామీనుదారుడు కలిసి "ఈ పెళ్ళికి చట్టపరమైన అడ్డేమీ లేదు, ఉంటే ఇంత కట్టుకుంటాం" అని రాసిచ్చే హామీపత్రం అది. థామస్ లింకన్ బాండ్ 1806 జూన్ 10 నాటిది, యాభై పౌండ్లకి, పెళ్ళి జూన్ 12న జరిగింది. పెళ్ళి జరిగిందనడానికి రుజువు జరిపించిన పాస్టర్ తర్వాత కౌంటీకి పంపిన జాబితా. బాండ్ మీద ఉన్న రెండో సంతకం ఎవరిదో తప్పకుండా ఆరా తీయండి, చాలాసార్లు ఆయన పెళ్ళికూతురి తండ్రో, అన్నో, ఆమె బాగోగులు చూసిన బంధువో అయి ఉంటాడు. ఈ బాండ్ మీద రెండో సంతకం రిచర్డ్ బెర్రీది, సంతకం పక్కన గార్డియన్ అని ఉంది.

పొలం దస్తావేజుల్లో అమ్మింది, కొన్నది తప్ప ఏముంటుంది? బంధుత్వం ఎలా తెలుస్తుంది?

నా లెక్కలో కౌంటీ పుస్తకాలన్నిటిలోకీ విలువైనవి ఇవే. మనం పొలం కొనేటప్పుడు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గొలుసు పట్టుకుంటాం కదా, ఇక్కడా అదే చూపు పనికొస్తుంది. అమ్మినవాళ్ళ పేర్లకొక సూచిక, కొన్నవాళ్ళకొక సూచిక ఉంటాయి, రెండూ చూడాలి. ఒక మనిషి పేరున పొలం అమ్మినట్టు ఉండి కొన్నట్టు ఎక్కడా లేకపోతే అది వారసత్వంగానో, ప్రభుత్వ గ్రాంటుగానో, భార్య పుట్టింటి నుంచో వచ్చి ఉండాలి. తండ్రి పోయాక పిల్లలందరూ కలిసి అమ్మిన దస్తావేజు దొరికితే పండగే. పెళ్ళయిన కూతుళ్ళు భర్తల పేర్లతో సహా, ఏ రాష్ట్రానికి వెళ్ళారో కూడా ఒకే కాగితంలో ఉంటారు. "ప్రేమాభిమానాలతో, ఒక డాలరు ప్రతిఫలానికి" అని ఉంటే దాదాపుగా తండ్రి బిడ్డకి ఇచ్చిందే. భార్యని భర్తకి దూరంగా పక్కకి పిలిచి "ఇష్టపూర్వకంగానే హక్కు వదులుకుంటున్నావా" అని అడిగి రాసిన పేరా ఉంటుంది, ఆ తేదీకి ఆమె బతికే ఉందని, పేరు ఇదని తెలిసేది దానివల్లే. ఒక మాట: దస్తావేజు రాసిన చాలా ఏళ్ళకి రిజిస్టర్ చేయించినవాళ్ళున్నారు, కాబట్టి సూచికలో మీకు కావలసిన కాలం దాటి ఇంకో ఇరవై ఏళ్ళు చూడండి.

హద్దుల్లో "పోల్స్", "తెల్ల ఓక్ చెట్టు దాకా" అని ఉంది. ఇది ఎలా అర్థం చేసుకోవాలి?

పాత దస్తావేజులో చెక్కుబంది చదివినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఒక పోల్ అంటే 16.5 అడుగులు, నాలుగు పోల్స్ ఒక చెయిన్, అంటే 66 అడుగులు. పది చదరపు చెయిన్లు ఒక ఎకరం. మన సర్వేలోకి వచ్చిన గొలుసు కూడా ఆ ఇంగ్లీషు గొలుసే, ఒక చదరపు చెయిన్ అంటే పది సెంట్లు, తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలు. దిక్కులు, దూరాలు తీసుకుని కాగితం మీద గీయండి, పక్క పొలాలవి కూడా గీసి అతికించండి. హద్దుల్లో పేరు వచ్చే పక్కింటివాళ్ళే చాలాసార్లు వియ్యంకులూ, బావమరుదులూ అవుతారు. ఇలా చెట్లతో, వాగులతో హద్దులు పెట్టడం వల్ల కెంటకీలో ఒకరి హక్కు మీద ఇంకొకరి హక్కు పడి కోర్టులు నిండిపోయాయి. థామస్ లింకన్ మిల్ క్రీక్ పొలం కొన్నప్పుడు 238 ఎకరాలు, అమ్మినప్పుడు 200. తర్వాతి పొలం మీద 1815లో ఖాళీ చేయించమని దావా పడింది. 1816లో ఆయన ఇండియానా వెళ్ళిపోవడానికి ముఖ్యకారణం భూమి హక్కుల గొడవలేనని కొడుకే రాశాడు.

ఒహాయో, ఇండియానా వైపు పొలాలకి "సెక్షన్, టౌన్‌షిప్" అని ఉంటుందేం?

1785 చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం భూమిని ముందే చదరాలుగా కొలిచి అమ్మడం మొదలుపెట్టింది. ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. థామస్ లింకన్ 1817లో విన్సెన్స్ ల్యాండ్ ఆఫీసులో ఎకరం రెండు డాలర్ల లెక్కన 160 ఎకరాలకి నమోదు చేసుకున్నాడు, చివరికి అందులో సగం ప్రభుత్వానికి వదిలేశాడు. ఇలాంటి మొదటి అమ్మకాల పట్టాలు కౌంటీలో కాకుండా ఫెడరల్ భూశాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకున్నవాళ్ళయితే నేషనల్ ఆర్కైవ్స్ నుంచి పూర్తి ఫైలు తెప్పించుకోండి, ఇల్లు ఎప్పుడు కట్టారు, ఎంత దున్నారు అన్నది సాక్షుల వాంగ్మూలాలతో ఉంటుంది. ఇంకొకటి కూడా పిల్లలకి చెప్పాలి: ఆ నేల ఖాళీగా ఉన్నది కాదు, షానీ, మయామీ లాంటి జాతుల నుంచి యుద్ధాలతో, ఒప్పందాలతో తీసుకున్నది. మొదటి పట్టాకి ముందు పేజీ అదే.

వీలునామా రాయకుండా చనిపోయాడు. ఇక దారి లేనట్టేనా?

వీలునామా లేకపోతేనే ఒక్కోసారి కాగితాలు ఎక్కువ. కోర్టు ఒక అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టి, ఇరుగుపొరుగువాళ్ళతో సామాను లెక్క కట్టించి, వేలం వేయించి, అప్పులు తీర్చి, మిగిలింది వారసులకి పంచేది. ఆఖరి పంపకం కాగితం దొరికితే పిల్లలందరి పేర్లూ దొరికినట్టే. మా కోడలి వైపు ఒకాయనది 1820ల నాటి లెక్క చూశాను. మూడు గొడ్డళ్ళు, ఒక నాగలి, ఎర్రావు-దూడ, ఈకల పరుపు, బైబిల్, "పాత రాట్నం ఒకటి". పక్క పేజీలో వేలం. ఆ రాట్నం కొన్నది ఆయన భార్య. తను రోజూ నూలు వడికిన రాట్నాన్ని తనే డబ్బిచ్చి కొనుక్కుంది. ఆమె పేరు నాకు మొదటిసారి దొరికింది ఆ వరుసలోనే. ఈ కాగితాల్లో "ఆర్ఫన్" అంటే తండ్రి పోయిన మైనర్ బిడ్డ అని అర్థం, తల్లి ఇంట్లోనే ఉండొచ్చు, "ఇన్‌ఫంట్" అంటే 21 నిండనివాళ్ళు. వారసత్వ చట్టం కూడా చూసుకోండి: లింకన్ తాతగారు పోయిన 1786లో వర్జీనియా పాత చట్టం ప్రకారం భూమి పెద్దకొడుకు మొర్డెకైకి వెళ్ళింది, చిన్నవాడు థామస్‌కి ఏమీ రాలేదు. ఆ మరుసటి ఏడాది మొదటి రోజు నుంచే చట్టం మారింది.

పన్ను జాబితాలు విసుగ్గా ఉన్నాయి, వదిలేయొచ్చా?

దయచేసి వదలొద్దు. సెన్సస్ పదేళ్ళకొకసారి, పన్ను ప్రతి ఏడూ. కెంటకీలో 1792 ప్రాంతం నుంచి ఉన్నాయి, చాలాచోట్ల ఏ వాగు ఒడ్డున పొలమో కూడా రాశారు. ఒక కుర్రాడి పేరు కొత్తగా కనిపిస్తే 21 నిండి ఉండొచ్చు లేదా కొత్తగా వచ్చి ఉండొచ్చు. ఒకాయన పేరు పోయి అదే పొలానికి ఒక స్త్రీ పేరు వస్తే ఆయన పోయినట్టే అనుకుని ఆ ఏడాది కోర్టు పుస్తకం తెరవండి.

ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు ఎక్కడా దొరకవేం?

ఆస్తి, పన్ను, అప్పు ఉన్నవాళ్ళ గురించే పుస్తకాలు రాశారు, పెళ్ళయిన స్త్రీకి అవేవీ తన పేరున ఉండేవి కావు. కాబట్టి ఆమె తండ్రి వీలునామా, అన్నదమ్ముల దస్తావేజులు, బాండ్ మీద జామీను, పిల్లల మధ్యపేర్లు చూడాలి. సైనికుడి వితంతువు అయితే పెన్షన్ ఫైలు చూడండి, పెళ్ళి రుజువు కోసం బైబిల్ పేజీలు చించి పంపినవాళ్ళున్నారు. ఇంత చేసినా దొరకకపోవచ్చు. నాన్సీ హాంక్స్ తల్లిదండ్రులెవరన్నది నూరేళ్ళకు పైగా వాదన నడిచింది.

## దారి మూసుకుపోయినప్పుడు

కోర్టుహౌస్ కాలిపోయిందన్నారు. అంతా పోయినట్టేనా?

ముందు ఏ పుస్తకాలు, ఏ ఏళ్ళవి పోయాయో కచ్చితంగా అడగండి, "అన్నీ కాలిపోయాయి" అన్నది చాలాసార్లు సగం నిజం. పన్ను జాబితాల నకలు రాష్ట్ర రాజధానికి వెళ్ళేది, భూమి గ్రాంట్లు రాష్ట్రం దగ్గర ఉంటాయి, అప్పీలుకు వెళ్ళిన కేసులు పై కోర్టులో ఉంటాయి. మంట తర్వాత తమ పాత దస్తావేజులు తెచ్చి మళ్ళీ రిజిస్టర్ చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసినవాళ్ళు 1832 చట్టం కింద పెన్షన్ కోసం ఇచ్చిన వాంగ్మూలాల్లో పుట్టిన చోటు, తర్వాత ఎక్కడెక్కడ బతికారో స్వయంగా చెప్పారు, అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా ఉంది. వేరే కుటుంబమా?

స్పెల్లింగ్ చూసి ఎవర్నీ తోసేయకండి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. లింకన్ తాతగారి 1780 నాటి భూమి వారంటులో (భూమి కొలిపించుకోవడానికి ఇచ్చే అనుమతిపత్రం) "లింక్‌హార్న్" అని ఉంది. ఇంటిపేరుని గట్టిగా పలికి, ఎన్ని రకాలుగా రాయొచ్చో కాగితం మీద పెట్టుకుని అన్నీ వెతకండి.

తేదీ 1731/32 అని రెండేళ్ళు రాశారు. ఏది నిజం?

రెండూ. 1752 దాకా ఇంగ్లీషు వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, కాబట్టి జనవరి నుంచి ఆ రోజు దాకా పాత లెక్కలో ఒక ఏడు, ఇప్పటి లెక్కలో ఇంకో ఏడు. 1752లో క్యాలెండర్ మార్చినప్పుడు సెప్టెంబరు 2 మర్నాడు 14 అయింది. కాగితంలో ఎలా ఉందో అలాగే రాసుకోండి.

ఒకే ఊళ్ళో ఒకే పేరుతో సీనియర్, జూనియర్ ఉన్నారు. తండ్రీకొడుకులేనా?

అవ్వాలని లేదు. బాబాయి-అబ్బాయి కావచ్చు, ఏ చుట్టరికమూ లేని ఇద్దరు కావచ్చు, పెద్దాయన పోతే జూనియరే సీనియర్ అవుతాడు. విడదీయాలంటే ఒక్కొక్కరి పొలం, వాగు, భార్య పేరు, సంతకమా వేలిగుర్తు లాంటి గీతా అన్నవి పట్టుకుని రెండు పట్టికలు వేయండి.

మా కోడలి వాళ్ళు ఆఫ్రికన్ అమెరికన్లు. 1870 దగ్గర ఆగిపోయాం, ఏం చేయాలి?

బానిసత్వంలో ఉన్నవాళ్ళ పేర్లు సెన్సస్‌లో మొదట వచ్చింది 1870లోనే. 1850, 1860ల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. అక్కణ్ణించి వెనక్కి దారి యజమానుల కౌంటీ కాగితాల్లోనే ఉంది: వీలునామాలు, సామాను లెక్కలు, అమ్మకపు పత్రాలు, తనఖాలు. పశువుల పక్కన మనుషుల పేర్లు, ధరలు రాసి ఉంటాయి, తల్లీబిడ్డల్ని వేరుచేసిన వరుసలుంటాయి. చదవడానికి గుండె రాయి చేసుకోవాలి, కానీ ఆ పేరు బతికున్నది ఆ ఒక్క కాగితంలోనే కావచ్చు. వాటి జోలికి వెళ్ళే ముందు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన, 1865 నుంచి 1872 దాకా పనిచేసిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు, ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాల పుస్తకాలు చూడండి, ఖాతాదారుడి అమ్మానాన్నలు, తోబుట్టువుల పేర్లు చాలావాటిలో ఉన్నాయి.

## కలిపేటప్పుడు

ఇంటర్నెట్‌లో ఎవరో మొత్తం వంశవృక్షం పెట్టేశారు. తీసుకోవచ్చా?

దాన్ని చిరునామా లాగా వాడుకోండి, రుజువులాగా కాదు. ప్రతి తండ్రీబిడ్డల గీతకీ ఏ కాగితం ఆధారమో అడగండి. లింకన్ కూడా న్యూ ఇంగ్లండ్ లింకన్లతో తనకి చుట్టరికం ఉందేమోనని చూసి, ఎనాక్, లీవై, మొర్డెకై లాంటి పేర్లు కలవడం తప్ప ఇంకేమీ తేలలేదని నిజాయితీగా రాశారు. తర్వాతివాళ్ళు కాగితాలు పట్టుకుని పెన్సిల్వేనియా బెర్క్స్ కౌంటీ, న్యూజెర్సీ మీదుగా 1637లో మసాచుసెట్స్ వచ్చిన శామ్యూల్ లింకన్ దాకా తేల్చారు. పేర్లు కలవడం మంచి ఆనవాలే, తేల్చింది మాత్రం కాగితాలు.

డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే ఈ కాగితాల పని తప్పుతుందా?

తప్పదు. మామూలు టెస్టు ఐదారు తరాల దాకా బాగా పనికొస్తుంది, ఫలానా వాళ్ళతో రక్తసంబంధం ఉందని చెబుతుంది, ఎలాగన్నది చెప్పదు. చేయించే ముందు ఇంట్లో అందరి ఒప్పుదలా తీసుకోండి, ఎవరూ ఊహించని సంగతులు బయటపడతాయి.

హైదరాబాదులో కూర్చుని ఇదంతా చేయొచ్చా, లేక వెళ్ళాల్సిందేనా?

చాలామటుకు చేయొచ్చు. సాల్ట్ లేక్ సిటీలోని ఫ్యామిలీసెర్చ్ వాళ్ళు దశాబ్దాలపాటు కోర్టుహౌస్‌లు తిరిగి తీసిన మైక్రోఫిల్ములు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం, ఖాతా తెరిస్తే చాలు. 2024 నుంచి చేతిరాత దస్తావేజుల్లో కూడా పేరు కొట్టి వెతికే వీలు వచ్చింది, సాక్షిగా మాత్రమే కనిపించే మనిషి కూడా దొరుకుతున్నాడు. కొన్ని బొమ్మలు మాత్రం వాళ్ళ కేంద్రాల్లో కూర్చుంటేనే తెరుచుకుంటాయి. ఫిల్ముకెక్కని విడి కాగితాల కోసం కౌంటీకి ఉత్తరం రాయండి, ఒకసారికి ఒకే మనిషి, ఒకే కాగితం, దగ్గరదగ్గర సంవత్సరాలు, ఆయన పేరు రాసే విధాలన్నీ. నేను అడిగిన క్లర్కుల్లో చాలామంది శ్రద్ధగా వెతికిపెట్టారు. పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక రోజు ఖాళీ ఉంటే కోర్టుహౌస్‌కి వెళ్ళండి, వెళ్ళే ముందు ఫోన్ చేసి పాత పుస్తకాలు ఆ భవనంలోనే ఉన్నాయా, రాష్ట్ర ఆర్కైవ్స్‌కి పంపేశారా అని అడగండి. పెన్సిల్ తీసుకెళ్ళండి, చాలా ఆర్కైవ్స్‌లో పెన్ను లోపలికి రానివ్వరు.